"స్టాఫ్ చాలా ఓపిగ్గా చూపించారు" అని మీరు ఐదు స్టార్లు ఇచ్చిన చీరల షోరూం: ఆ స్టాఫ్‌లో ఒకదాన్ని, ఇది నా రివ్యూ

ముందే చెప్తున్నా, షాపు పేరు రాయను, అడగొద్దు. విజయవాడలో నాలుగంతస్తుల చీరల షోరూం. మీలో చాలామంది పెళ్లి బట్టలకి దానికే వెళ్లుంటారు, లేదంటే అచ్చం అలాంటి దానికి వెళ్లుంటారు, పైకి బోర్డులు వేరుగానీ లోపల అన్నీ ఒక తానులో ముక్కలే. మొన్న మా చెల్లి నిశ్చితార్థం చీర కోసం రెండేళ్ల తర్వాత మళ్లీ ఆ గడప తొక్కాను. వెళ్లేముందు బస్సులో కూర్చుని రివ్యూలు చూస్తే 4.6 ఉంది. స్టాఫ్ ఓపిక సూపర్ అంట, యాభై చీరలు తీయించినా మొహం చిట్లించలేదంట, ఏమీ కొనకపోయినా నవ్వుతూ పంపించారంట. చదివి పగలబడి నవ్వాను, మా చెల్లి ఏంటే అంటే ఫోన్ చేతికిచ్చాను. ఎందుకంటే 2021 జూన్ నుంచి 2024 ఫిబ్రవరి దాకా రెండో అంతస్తు పట్టు సెక్షన్‌లో ఆ నవ్వు నాది. ఏమీ కొనకపోయినా నవ్వుతూ పంపించిన ప్రతిసారీ లోపల నా పేరు పక్కన ఒక గీత పడేది, అది తర్వాత చెప్తా.

సరుకు సంగతి ముందు చెప్పేస్తాను, దాంట్లో అబద్ధం ఆడను. చీరలు బాగుంటాయి. ఉప్పాడ జాందానీ మంచి నేత తెప్పిస్తారు, గద్వాల్‌లో అంచు విడిగా కలిపి నేసిన అసలు రకాలు ఉంటాయి, మంగళగిరి కాటన్‌కైతే ఊళ్లో ధరకీ ఇక్కడి ధరకీ మరీ అంత తేడా ఉండదు. పట్టు దగ్గర మాత్రం కళ్లు తెరుచుకుని ఉండండి. కంచి అని చూపించే వాటిలో ధర్మవరంవి కలిసి ఉంటాయి. ధర్మవరం తక్కువదని కాదు, నాకైతే దాని అంచులే ఇష్టం, కానీ ధర కంచి ధరే చెప్తారు, అదీ బాధ. అసలు పట్టేనా కాదా అని తెలియాలంటే సిల్క్ మార్క్ లేబుల్ ఉందేమో చూడండి. అనుమానం ఉంటే కొంగు కుచ్చుల్లోంచి ఒక దారం అడిగి తీసుకుని బయటికెళ్లి కాల్చండి, వెంట్రుక కాలిన కంపు రావాలి, ప్లాస్టిక్‌లా ముద్ద కట్టిందంటే దండం పెట్టి వచ్చేయండి. దారం అడిగితే సేల్స్ అమ్మాయి ఇవ్వదు, సూపర్‌వైజర్ వైపు చూస్తుంది. ఆ అమ్మాయి మీద కోప్పడకండి, ఇస్తే తనకి ఫైన్.

ఇంకోటి. ట్యాగ్ వెనకాల చిన్న ఎర్ర చుక్క ఉంటే అది ఆర్నెల్లు దాటిన స్టాక్, రెండు చుక్కలుంటే ఏడాది దాటింది. ఒక చుక్క చీర అమ్మితే మాకు ఇరవై రూపాయలు, రెండు చుక్కలదైతే యాభై. "మేడం ఇది నిన్నే వచ్చింది, మీ కలర్‌కి చంపేస్తుంది" అని నేను భుజం మీద వేసి అద్దం వైపు తిప్పానంటే చాలాసార్లు అది రెండు చుక్కలదే. సిగ్గేసేది. కానీ నెలాఖరుకి ఆ యాభైలు కూడితేనే బస్ పాస్ డబ్బులొచ్చేవి, నాది కంకిపాడు, రోజూ రావాలి పోవాలి. అప్పుడు నా చేతిలో మోసపోయినవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే సారీ అండీ, చీర మాత్రం బాగానే ఉండుంటుంది, మడతల దగ్గర ఒక్కసారి చూసుకోండి, చిట్లుతుంది.

జీతం. చేరినప్పుడు 9,500 అన్నారు. పూర్తి నెలకి చేతికి 8,588 వచ్చింది. ఏంటండీ అంటే పీఎఫ్ 840, ఈఎస్ఐ 72 అన్నారు. పోనీలే గవర్నమెంట్ ఉద్యోగంలా పీఎఫ్ అంట అని మా అమ్మ వీధంతా చెప్పుకుంది. పేస్లిప్ లేదు, అపాయింట్‌మెంట్ లెటర్ లేదు, మొదటి నెలలో పదిహేను రోజుల జీతం "హోల్డ్" అని ఆపేశారు, మానేసేటప్పుడు ఇస్తారంట. టెన్త్ మెమో ఒరిజినల్ తీసుకుని బీరువాలో పెట్టుకున్నారు. యూనిఫాం చీరలు రెండు, వాటికీ జీతంలోనే కోత. రెండున్నరేళ్లు దాటేసరికి జీతం 12,500 అయింది, అదేదో లాటరీ తగిలినట్టు మేనేజర్ గారు క్యాబిన్‌లోకి పిలిచి మరీ చెప్పారు.

ఒకరోజు లంచ్‌లో నేనూ, ఫ్యాన్సీ సెక్షన్ అక్కా కూర్చుని లెక్కేశాం. పొద్దున తొమ్మిదిన్నరకి పంచ్, రాత్రి తొమ్మిదిన్నరకి పంచ్, మధ్యలో తిండికి అరగంట. అంటే పదకొండున్నర గంటలు. నెలకి మూడు ఆఫ్‌లు, అవి కూడా ఆదివారం ఇవ్వరు, శ్రావణం దసరా సంక్రాంతి వచ్చాయంటే అసలు ఆఫ్ అనే మాటే ఎత్తకూడదు. 12,500ని ఆ గంటలతో భాగిస్తే గంటకి నలభై రూపాయలు. అక్క ఫోన్‌లో కాలిక్యులేటర్ మళ్లీ కొట్టి చూసింది, తప్పేమో అని. అదే రోజు పొద్దున తను అమ్మింది డెబ్భై రెండు వేల బిల్లు. "మన ఇంట్లో పాచి పని చేసే వాళ్లకి చెప్పకే, నవ్వుతారు" అంది.

ఇప్పుడు తెలుసుగానీ అప్పుడు తెలీదు, మన దగ్గర షాపులకి ఒక చట్టం ఉంది, 1988 నాటి షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ యాక్ట్. నేను పని చేసినప్పుడు దాని ప్రకారం రోజుకి 8 గంటలు, వారానికి 48, దాటితే ఓవర్‌టైంకి రెట్టింపు జీతం. అప్పటి రూల్ ప్రకారమైతే ఆడవాళ్లని రాత్రి ఎనిమిదిన్నర తర్వాత ఉంచకూడదు కూడా. ఎనిమిదిన్నరకి మా ఫ్లోర్‌లో అసలు మడతలే మొదలయ్యేవి కాదు. మీరు తీయించి వదిలేసిన యాభై చీరలు ఎవరు మడతపెడతారు అనుకున్నారు? షట్టర్ సగం దించాక మొదలయ్యేది ఆ పని. పట్టు చీర మడత తప్పితే మళ్లీ విప్పి మళ్లీ వేయాలి, ఒక్కోటి రెండు మూడు నిమిషాలు, అయ్యేసరికి కంకిపాడు బస్సు పోయేది, షేర్ ఆటోకి ముప్పై.

నిలబడటం గురించి రాయాలి, ఇది మాత్రం కొంచెం ఓపిగ్గా చదవండి. ఫ్లోర్ మీద కూర్చోకూడదు, గోడకి ఆనుకోకూడదు, కౌంటర్ మీద మోచెయ్యి పెట్టకూడదు. కస్టమర్ లేకపోయినా సరే. కింద పరుపు మీద కూర్చుని చీరలు చూపించే సెక్షన్ ఒకటి ఉండేది పాత రోజుల్లో, దాన్ని తీసేసి గ్లాస్ కౌంటర్లు పెట్టారు మోడ్రన్‌గా ఉంటుందని, దాంతో ఆ కాస్త కూర్చునే భాగ్యం కూడా పోయింది. సీసీ కెమెరా కింద క్యాబిన్‌లో ఒకాయన చూస్తూ ఉంటాడు, ఆనుకుంటే వాకీటాకీలో "పట్టు సెక్షన్ మూడో నంబర్ నిద్రపోతోంది" అని వినిపిస్తుంది, అందరికీ వినిపిస్తుంది. బాత్రూంకి వెళ్లాలంటే సూపర్‌వైజర్‌కి చెప్పి వెళ్లాలి, ఆయన మగాడు, రెండుసార్లు వెళ్తే "ఏమ్మా షుగరా" అంటాడు. అందుకని నీళ్లు తాగడం మానేశాం. నీళ్లు తాగకపోతే ఏమవుతుందో ఆడవాళ్లకి చెప్పక్కర్లేదు, మా సెక్షన్‌లో ఆరుగురిలో నలుగురం యూరిన్ ఇన్ఫెక్షన్ మాత్రలు పంచుకున్నవాళ్లమే. నాకు ఎడం కాలి పిక్క మీద నరాలు నీలంగా ఉబ్బి తాడులా లేచాయి. మా అమ్మ ఆముదం రాసేది.

కేరళలో కోళికోడ్ మిఠాయి తెరువు అని బట్టల షాపుల వీధి ఉంది, అక్కడ సేల్స్ ఆడవాళ్లు ఇదే కూర్చునే హక్కు గురించి ఏళ్ల తరబడి పోరాడారు. విజి అని ఒక టైలర్ ఆవిడ ముందుండి నడిపించింది, పెంకూట్టు అని సంఘం పెట్టి. 2018లో అక్కడి ప్రభుత్వం షాపుల చట్టం మార్చి కూర్చోడానికి సీటు ఇవ్వాల్సిందే అని రాసింది. 2021లో తమిళనాడు కూడా అదే చేసింది. కుర్చీ కోసం చట్టం చేయాల్సొచ్చిందా అని మా తమ్ముడు నవ్వాడు. వాడు ఏసీలో కుర్చీలో కూర్చుని పని చేస్తాడు మరి.

వాకౌట్ గీత చెప్తానన్నా కదా. కస్టమర్ చూసి కొనకుండా వెళ్తే దాన్ని వాకౌట్ అంటారు. కౌంటర్ వారీగా రాస్తారు. రోజుకి ఐదు దాటితే రాత్రి మీటింగ్‌లో అందరి ముందూ లేపి నిలబెట్టి (అప్పటికే నిలబడే ఉంటాం కదా, ముందుకి రమ్మని) ఎందుకు అమ్మలేకపోయావో చెప్పమంటారు. ఒకావిడ జ్యుయెలరీ షాపులో ఏసీ పనిచేయట్లేదని మా దాంట్లోకి వచ్చి గంటన్నర చీరలు చూసి చల్లబడి వెళ్లిపోయింది, దానికి నేనేం చెప్పాలి? "సార్ ఆవిడకి ఎండగా ఉందంట" అన్నాను. అందరూ నవ్వారు, నాకు వంద ఫైన్. పది నిమిషాలు లేటుకి సగం రోజు కోత. ఫోన్ లాకర్లోనే ఉండాలి, పక్కన పెట్టుకుంటే రెండొందలు.

ఇక చీర పోయిన కథ. 2023 డిసెంబర్‌లో స్టాక్ లెక్కల్లో ఒక చీర తగ్గింది, ట్యాగ్ రేటు 19,200. కెమెరాలు చూడండి సార్ అంటే ఆ వైపు కెమెరా పనిచేయట్లేదు అన్నారు, మనం ఆనుకుంటే మాత్రం పనిచేస్తుంది. మా ఆరుగురికీ సమానంగా పంచి జనవరి జీతంలో తలా 3,200 కోసేశారు. ట్యాగ్ రేటుకి! షాపుకి పడిన రేటుకి కూడా కాదు, లాభంతో కలిపి మా దగ్గర అమ్మారు ఆ చీర, డిస్కౌంట్ కూడా ఇవ్వకుండా. ఏ కాగితం మీదా రాయలేదు, ఎవరినీ అడగలేదు. మా సెక్షన్‌లో శ్రీకాకుళం అమ్మాయి ఒకతి షాపు హాస్టల్లో ఉండేది, హాస్టల్ తిండి ఖర్చు పోగా ఆ నెల దాని చేతికి వచ్చింది చూసి మెట్ల కింద కూర్చుని ఏడ్చింది, మెట్ల కింద కెమెరా లేదు కాబట్టి.

2024 ఫిబ్రవరి 17, శనివారం, మాఘ మాసం పెళ్లిళ్లు, ఫ్లోర్ మీద ఇసకేస్తే రాలదు. సాయంత్రం ఆరింటికి కాలు ఎంత వాచిందంటే చెప్పు పట్టీ పాదంలోకి దిగబడింది. పై ర్యాక్ అందుకోడానికి వాడే చిన్న స్టూల్ ఉంటుంది, దాని మీద కూర్చుని కస్టమర్‌కి చీర చూపిస్తున్నా. ఆవిడే కూర్చోమంది పాపం. మేనేజర్ వచ్చి "కూర్చోడానికి వచ్చావా పని చేయడానికి వచ్చావా" అన్నాడు. నేను కూడా ఊరుకోవాల్సింది, ఊరుకోలేదు, "కూర్చుని కూడా నలభై ఎనిమిది వేలు అమ్మాను సార్ ఇవాళ, బిల్లులు చూడండి" అన్నాను. కస్టమర్ ముందు ఎదురు చెప్పానంట. రాత్రి పంచ్ కొట్టేటప్పుడు సూపర్‌వైజర్ వచ్చి రేపటి నుంచి రావొద్దు, సోమవారం వచ్చి రాజీనామా రాసిచ్చి లెక్క చూసుకో అన్నాడు.

ఇక్కడ నన్ను కాపాడింది ఆదివారం మా వీధిలో పాల ప్యాకెట్ల దగ్గర కలిసిన యూనియన్ ఆఫీస్ బాబాయ్. ఆయన చెప్పింది ఒకటే: "అమ్మాయ్, రాజీనామా మాత్రం రాయకు. నువ్వు మానేస్తే ఒక లెక్క, వాళ్లు తీసేస్తే ఇంకో లెక్క." ఆర్నెల్లు దాటి పని చేసినవాళ్లని సరైన కారణం లేకుండా తీసేయకూడదు, తీసేస్తే నెల ముందు నోటీసు లేదా నెల జీతం ఇవ్వాలి, ఏడాది దాటితే ఆ పైన ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున పరిహారం. అదే 1988 చట్టంలో 47వ సెక్షన్. మనమే రాజీనామా రాసి ఇస్తే వాళ్లు తీసేశారని చెప్పడం కష్టం, అందుకే వాళ్లకి అంత తొందర. సోమవారం వెళ్లాను, కాగితం ముందు పెట్టారు, అన్నీ టైప్ చేసి ఉన్నాయి, "నా వ్యక్తిగత కారణాల వల్ల" అని. మా నాన్నకి చూపించి సంతకం పెడతా సార్ అని ఫోటో తీసుకుని వచ్చేశా. మా నాన్న పోయి పదకొండేళ్లయింది.

లేబర్ ఆఫీసు అంటే నాకు భయం, నల్లకోటు లాయర్లు ఉంటారనుకున్నా. ఏం లేదు, పాత బిల్డింగు, ఫ్యాను, రెండు బల్లలు. తెల్ల కాగితం మీద నేనే రాశాను, ఎప్పుడు చేరాను, ఏ పని, నెల జీతం ఎంత, ఏ రోజు తీసేశారు, ఏమేం రావాలి. లెక్క ఇలా వేశాం: హోల్డ్ పెట్టిన పదిహేను రోజులు 4,750, ఫిబ్రవరిలో పని చేసిన 17 రోజులకి 7,327, నోటీసు నెల 12,500, రెండేళ్లకి పరిహారం ఇంకో 12,500, పోయిన చీర 3,200. మొత్తం 40,277. ఓవర్‌టైం కూడా వేద్దాం బాబాయ్ అంటే, వెయ్యొచ్చుగానీ గంటలకి రుజువు చూపించగలవా అన్నాడు. పంచింగ్ మెషిన్ వాళ్లది, కాగితాలు వాళ్లవి. నా దగ్గరున్న రుజువులు ఇవి: బ్యాంకులో జీతం పడిన మెసేజ్‌లు, ఐడీ కార్డు, స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో "రేపు ఆఫ్‌లు క్యాన్సిల్" "చీర రికవరీ తలా 3200" అని సూపర్‌వైజర్ గారు స్వయంగా పెట్టిన మెసేజ్‌లు. నన్ను గ్రూపులోంచి తీసేసేలోపే స్క్రీన్‌షాట్లు తీసేశా. మీరు ఇప్పుడు ఎక్కడైనా ఇలాంటి పనిలో ఉంటే ఇవాళే తీసి మీ మెయిల్‌కి పంపుకోండి, గొడవ అయ్యాక దొరకవు. కాగితం ఇచ్చాక రెండో కాపీ మీద స్టాంపు వేయించుకోవాలి, అది అడిగితేగానీ వేయరు.

ఆ లేబర్ ఆఫీసు సర్వీస్‌కి రేటింగ్ అడిగితే మూడు ఇస్తా. పని చేశారు, కానీ నత్త నడక. షాపుకి నోటీసు వెళ్లింది, జాయింట్ మీటింగ్ అని ఇద్దర్నీ పిలిచారు, మొదటిసారి షాపువాళ్లు రాలేదు, రెండోసారి అకౌంటెంట్‌ని పంపారు, ఆయనకేం తెలీదంట. ఈలోపు ఎలక్షన్లు వచ్చాయి, 2024 మే 13 పోలింగ్ కదా, ఆఫీసులో ఎవర్ని అడిగినా ఎలక్షన్ డ్యూటీ. నేను ఈలోపు ఒక మెడికల్ షాపులో చేరాను, వెళ్లిన ప్రతిసారీ ఒక పూట జీతం పోయేది, షాపువాళ్లకి కావాల్సింది కూడా అదే, మనం విసిగి మానేయాలని. జూన్ ఆఖర్లో మేనేజర్ స్వయంగా వచ్చాడు. ఆఫీసర్ ఆయన ముందు పెట్టింది నేను ఫోటో తీసిన ఆ టైపు చేసిన రాజీనామా. "అమ్మాయి సంతకం లేదు, తేదీ మీరే టైప్ చేశారు, ఇదేంటండీ" అన్నారు. అప్పటిదాకా అరిచిన మనిషి "చూద్దాం సార్, మన పిల్లే కదా" అన్నాడు. తీసేసినప్పుడు కాదు, అప్పుడు అయ్యాను మన పిల్లని.

31,000కి సెటిల్ చేసుకున్నాను. బాబాయ్ ఆగమన్నాడు, పై అధికారి దాకా వెళ్తే మొత్తం వస్తుందన్నాడు. నిజమే రావొచ్చు, కానీ మా అమ్మ కంటి ఆపరేషన్ ఉంది, ఆగలేకపోయా. జూలై రెండో వారంలో చెక్ వచ్చింది. టెన్త్ మెమో కూడా వచ్చింది, ఒక మూల చెదలు కొట్టి. మా సెక్షన్ మిగతా ఐదుగురు మాత్రం రాలేదు, అదే 3,200 వాళ్లకీ పోయింది, అడిగితే ఉద్యోగం పోతుందని ఊరుకున్నారు. వాళ్లని తప్పుపట్టను, హాస్టల్లో ఉండేవాళ్లకి ఉద్యోగం పోతే ఆ రాత్రి పడుకునే చోటు కూడా పోతుంది.

పీఎఫ్ గురించి వేరే రాయాలి, చాలామంది మోసపోయేది ఇక్కడే. ప్రభుత్వ ఉమాంగ్ యాప్‌లో పీఎఫ్ పాస్‌బుక్ తెరిస్తే మొదటి తొమ్మిది నెలలు ఖాళీ. నా జీతంలో 840 కోశారు, కట్టలేదు. అంటే నా డబ్బే 7,560, షాపు కట్టాల్సింది ఇంకో 7,560. తర్వాత నెలల్లో కట్టింది కూడా చూపించిన జీతం ఏడు వేల మీదే, నాకు వచ్చేది పన్నెండున్నర అయినా సరే 840 దాటలేదు. షాపు వాటా 840లో కూడా పాస్‌బుక్‌లో 257 కనిపిస్తుంది, కంగారు పడకండి, అది మోసం కాదు, మిగతా 583 పెన్షన్ ఖాతాకి వెళ్తుంది, రూల్ అంతే. ఆన్‌లైన్‌లో పీఎఫ్ గ్రీవెన్స్ (అంటే ఫిర్యాదు) పెట్టాను, బ్యాంక్ స్టేట్‌మెంట్ జతచేసి. షాపువాళ్లు ఆ తొమ్మిది నెలలూ తర్వాత కట్టారు, ఎందుకంటే లేట్ చేస్తే కంపెనీకి ఏడాదికి 12 శాతం వడ్డీ, పైన డ్యామేజీలు కూడా పడతాయి, అది వాళ్ల ఆడిటర్‌కి బాగా తెలుసు. ఇంకో మెలిక, మనం మానేసిన తేదీ వాళ్లు ఎక్కించకుండా ఆపుతారు, అది లేకపోతే మొత్తం డబ్బు తీసుకోలేం. రెండు నెలలు ఆగితే మన లాగిన్‌లో మనమే ఎక్కించుకోవచ్చు, ఎవరి కాళ్లూ పట్టుకోక్కర్లేదు. రిజిస్టర్ చేసిన నంబర్ నుంచి 9966044425కి మిస్డ్ కాల్ ఇస్తే బ్యాలెన్స్ మెసేజ్ వస్తుంది, నెలకోసారి ఇస్తే కడుతున్నారో లేదో అప్పటికప్పుడే తెలిసిపోతుంది, నేను రెండున్నరేళ్లు ఇవ్వలేదు.

ఈఎస్ఐ అయితే నన్ను నేనే తిట్టుకోవాలి. నెల నెలా కోసుకున్నారు కదా, దానికి జ్వరం వచ్చి సెలవు పెడితే డాక్టర్ సర్టిఫికెట్ మీద జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా ఇస్తారంట, కాలి నరాలకి వైద్యం కూడా అక్కడే ఊరికే చేయించుకోవచ్చంట. నేనేమో ప్రైవేటు ఆసుపత్రిలో స్కానింగ్‌కి అప్పు చేశా. కార్డు నంబర్ ఉందని కూడా ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు చట్టాలు మారాయి, 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు వచ్చాయి. మానేసినా తీసేసినా రెండు పని దినాల్లో లెక్క తేల్చాలని, అందరికీ అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వాలని అందులో ఉంది. మొన్న వెళ్లినప్పుడు మాకు చీరలు చూపించిన అమ్మాయిని మెల్లగా అడిగాను, లెటర్ ఇచ్చారా అని. "అంటే ఏంటక్కా" అంది.

ఇంక మొన్నటి సంగతే చెప్పి ముగిస్తా. రెండో అంతస్తు, అదే కౌంటర్. ఏసీ బాగుంది, బాదం పాలు ఇచ్చారు, కొత్తగా పిల్లలకి ఆడుకునే మూల పెట్టారు, కస్టమర్లకి మెత్తటి సోఫాలు వేశారు. కౌంటర్ అవతల స్టూల్ కూడా తీసేసి చక్రాల నిచ్చెన పెట్టారు, దాని మీద కూర్చోలేరు కదా మరి. ఆ అమ్మాయి ఒక కాలి మీద బరువు వేసి కాసేపు, ఇంకో కాలి మీద వేసి కాసేపు నిలబడుతోంది, అది చూడగానే నాకు నా పిక్క లాగింది. మా చెల్లి ఏడు చీరలు తీయించింది, అందులో రెండింటి ట్యాగ్ వెనక చూశాను, చుక్కలు అలాగే ఉన్నాయి. ఒకటి తీసుకున్నాం, 6,450, లేత గోరింటాకు రంగు, సన్నంచు, చక్కగా ఉంది. మిగతా ఆరూ నేనూ ఆ అమ్మాయీ కలిసి మడతపెట్టేశాం, నా చేతులకి ఇంకా గుర్తుంది ఆ మడత, అమ్మాయి వింతగా చూసింది కానీ ఏమీ అడగలేదు.

కింద బిల్లు కౌంటర్లో బిల్లు మీద సేల్స్ కోడ్ చూశాను. మీరు ఎప్పుడూ చూసుండరు, కింద మూలన చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఆ కోడ్‌కే అమ్మకం వెళ్తుంది, ఇన్సెంటివ్ వెళ్తుంది. మాకు చీర చూపించిన అమ్మాయి బ్యాడ్జి మీద నంబర్ 41. బిల్లు మీద 07. 07 సూపర్‌వైజర్లది, నాకు తెలీదా. బిల్లు మార్చండి, మాకు చూపించింది 41 అన్నాను. కుదరదు మేడం సిస్టం అన్నాడు. అయితే చీర వద్దు డబ్బులిచ్చేయండి అన్నాను, మా చెల్లి నా చెయ్యి గిల్లుతోంది, వెనకాల క్యూలో వాళ్లు చూస్తున్నారు. ఎవరికో ఫోన్ చేశాడు, రెండు నిమిషాలకి సిస్టం బాగైంది, 41 వచ్చింది.

సరుకు నాలుగు స్టార్లు, ఏసీ బాదం పాలు ఐదు, మిగతాదానికి ఒకటి, అది కూడా 41 కోసం.